జూమ్ లేని కెమెరా, తిరుపతి టిఫిన్లు: నాలుగున్నరేళ్ల వాడకం తర్వాత

దోశ మాస్టర్ పెనం మీద నీళ్లు చల్లి, పొట్టి చీపురుతో ఒక్క ఊపు ఊడుస్తాడు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిలో ఆయన మొహం సగం కనబడి సగం మాయమవుతుంది, కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. ఫోన్‌తో దాన్ని పట్టాలని ఏడాది తిప్పలు పడ్డాను. లాక్ తీసి, కెమెరా తెరిచి, ఎత్తి పట్టుకునేసరికి పెనం మీద పిండి పడి ఉండేది. ఈ చిన్న కెమెరా కొన్నది నిజానికి ఆ ఒక్క ఫొటో కోసమే.

2021 మొదట్లో చెన్నైలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 45,000 రూపాయలకి తీసుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. పాత సరుకు కొన్నవాడు దాని జబ్బులన్నీ కంపెనీకి అంటగట్టడం న్యాయం కాదు. ఏ రకమో చెబితే చాలు: ప్యాంటు జేబులో పట్టే కెమెరా, లోపల మాత్రం మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ (బొమ్మను పట్టే పలక), 24 మెగాపిక్సెళ్లు, ముందు 28 ఎంఎం వెడల్పాటి చూపునిచ్చే ఒకే ఒక్క లెన్స్. జూమ్ లేదు. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. ఫ్లాష్ కూడా లేదు. బరువు పావు కిలో. "ఇంత డబ్బు పోసి కొన్నావు, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తేలేదా ఇది?" అని మా ఆవిడ అడిగింది. తేలేదు. పిల్లల్ని జూ పార్కుకు తీసుకెళ్లిన రోజు ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసొచ్చింది. ఫొటోలో పులి చీమంత పడింది. ఆరోజు ఫొటోలన్నీ మా అమ్మాయి ఫోన్‌లోవే.

మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. వారానికి మూడు నాలుగు రోజులు పొద్దున ఆరింటికి బయలుదేరి స్టేషన్ వైపు, గాంధీ రోడ్డు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులు తిరుగుతాను. ఎక్కడో ఒకచోట టిఫిన్, ఒకచోట కాఫీ. ఈ ఊరికి అదొక సుఖం. రైళ్లూ బస్సులూ రాత్రంతా జనాన్ని దించుతూనే ఉంటాయి కాబట్టి మిగతా ఊళ్లలో షట్టర్లు లేవని వేళకు ఇక్కడ సాంబారు ఉడికిపోయి ఉంటుంది. పక్క టేబుల్ మీద ఒకరు తమిళం, ఇంకొకరు కన్నడం, సర్వర్ మాత్రం అందరితోనూ అన్నీ మాట్లాడతాడు. డబరా గ్లాసులో కాఫీ, పొంగలి, వడ చూస్తే సగం మద్రాసు హోటల్లా ఉంటుంది. పక్కనే ఎర్రకారం పూసిన దోశ చూస్తే సీమలో ఉన్నామని గుర్తొస్తుంది.

28 ఎంఎం సంగతి మొదటి ఆరు నెలలు నాకు అర్థం కాలేదు. తీసిన ప్రతి ఫొటోలోనూ మనుషులు చిన్నగా, గోడలు పెద్దగా పడేవి. ఫ్యాను, క్యాలెండర్, ధరల పట్టీ అన్నీ వచ్చేవి, తినే మనిషి తప్ప. తర్వాత లెక్క తెలిసింది. కెమెరాను అడ్డంగా పట్టుకుని ఎదుటి మనిషిని నడుము పై నుంచి నిండుగా పట్టాలంటే మీటరు దూరంలో ఉండాలి. టిఫిన్ హోటల్లో టేబుల్‌కి ఆ పక్క కూర్చున్న మనిషి దూరం అంతే. ఈ లెన్సును ఎవరో హోటల్ టేబుల్ కొలిచి చేశారా అనిపించింది. రోడ్డుకి అవతల నిలబడి దొంగచాటుగా తీసే వీలు ఇందులో లేదు. తీయాలంటే వెళ్లి కూర్చోవాలి, కూర్చుంటే తినాలి, తింటే ఎదుటివాడు పలకరిస్తాడు. కెమెరా బయటికి తీసే వేళకు నేను కొత్తవాణ్ణి కాదు, రెండు ఇడ్లీ ఒక వడ తిన్న మనిషిని.

అందుకే నాకు ఒకటే నియమం. ముందు తినడం, తర్వాత తీయడం. తినకుండా తీసిన ప్రతిసారీ ఏదో ఒక గొడవ అయింది.

ఆ దోశ మాస్టర్ని మొదటిసారి అడిగినప్పుడు, "పేపరోళ్లా సామీ?" అన్నాడు. కాదన్నా, ఊరికే అన్నాను. "ఊరికే ఎందుకు తీస్తారు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. తీశాను. ఆవిరి ఫొటో రావడానికి మళ్లీ మళ్లీ వెళ్లి తొమ్మిది దోశలు తినాల్సి వచ్చింది. ప్రింటు వేయించి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ముందే చెప్పుంటే మంచి చొక్కా ఏసుకునేవాణ్ణి గదా సామీ" అన్నాడు. నేను గొప్పగా అనుకున్న ఆవిరి గురించి ఒక్క ముక్క కూడా అనలేదు.

ఈ కెమెరాలో నాకు బాగా పనికొచ్చింది ఫోకస్‌ను ముందే ఒక దూరానికి కట్టేసే పద్ధతి. లెన్సు కన్నాన్ని ఎఫ్ 8 కి చిన్నది చేసి, ఫోకస్‌ను రెండు మీటర్లకు కట్టేస్తే దాదాపు మీటరు దూరం నుంచి వీధి చివరి దాకా అన్నీ స్పష్టంగానే పడతాయి. ఇక కెమెరా ఫోకస్ కోసం వెతుక్కునే పనే లేదు, బటన్ నొక్కిన క్షణంలో ఫొటో పడుతుంది. నొక్కిన చప్పుడు కూడా పక్కవాడికి వినబడదు. ఆవిరి దొరికింది దీనివల్లే. కాకపోతే ఎఫ్ 8 కి వెలుతురు కావాలి. తలుపు పక్క టేబుల్ దొరికితే సరే, లోపలి గదిలో ఐఎస్ఓని, అంటే వెలుతురును పట్టే సున్నితత్వాన్ని, 3200 దాకా పెంచాల్సి వస్తుంది. కొంచెం గరుకుదనం వస్తుంది. గోడలకు పట్టిన మసి ముందు అదేమంత కనబడదు.

లైట్లతో పడ్డ కష్టం మాత్రం చెప్పాలి. చవక ఎల్ఈడీ ట్యూబులున్న హోటల్లో తీస్తే ఒక ఫొటో తెల్లగా, వెంటనే తీసింది మసకగా, రంగు కూడా వేరేగా వచ్చేది. కెమెరా పాడైందనే అనుకున్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలాంటి లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, మన కంటికి తెలియదంతే. షట్టర్ వేగం సెకనులో 500వ వంతు పెడితే ఆ మినుకులో ఏ భాగం దొరికితే అదే పడుతుంది. 100వ వంతుకో 50వ వంతుకో దింపాక పీడ విరగడైంది. అంత నెమ్మది షట్టర్‌లో సర్వర్ చేతులు చెదిరిపోతాయి, అయినా నాలుగు ప్లేట్లు ఒకే చేతిమీద మోసుకొచ్చే మనిషి కొంచెం చెదిరితేనే బాగుంటాడు.

ఇడ్లీని తెల్లగా చూపించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ప్లేటు నిండా తెలుపు కనిపిస్తే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు కంగారుపడి ఫొటోను బూడిద రంగుకి దించేస్తుంది. నిన్నటి ఇడ్లీలా కనబడుతుంది. ఎక్స్‌పోజర్ ముప్పావు నుంచి ఒక స్టాప్ పెంచాలి (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). మొక్కు కోసం జనం వేషాలు వేసే మే నెల గంగజాతరలో దీనికి తలకిందులు. ఒళ్లంతా బొగ్గు పూసుకుని తోటి వేషం వేసుకున్న కుర్రాడొకడు టీ కొట్టు ముందు నిలబడి, పెదాలకు నలుపు చెరక్కుండా టీ తాగుతున్నాడు. ఆ నలుపంతా చూసి మీటరు ఫొటోని వెలిసిపోయినట్టు చేసింది. ఈసారి ఒక స్టాప్ తగ్గించాలి. తగ్గించేలోపు టీ అయిపోయింది. వెలిసిపోయిన ఫొటోనే దాచుకున్నాను.

నా దగ్గరున్న వాటిలో నాకు ఎక్కువ నచ్చినవి గుళ్ల ఫొటోలు కావు, గుండ్ల ఫొటోలు. కొండమీద తలనీలాలిచ్చి దిగివచ్చిన కుటుంబం, తాత, తండ్రి, నాలుగేళ్ల పిల్లాడు, ముగ్గురి గుండ్ల మీదా ఆరిన గంధం, ఒకే బెంచీ మీద వరసగా కూర్చుని పూరీ తింటున్నారు. కిటికీ వెలుగు మూడు గుండ్ల మీదా ఒకేలా పడింది. అడిగి తీశాను, తాతగారు తల నిమురుకుని సర్దుకున్నాడు. ఈ కెమెరా కొండమీద గుళ్లోకి రాదు, ఫోనైనా కెమెరాయైనా బయట ఇచ్చేసి వెళ్లాల్సిందే. కాబట్టి దర్శనానికి వెళ్లే రోజు ఇంట్లోనే పెడతాను. నా ఫొటోల్లో తిరుమల అంటే దిగువ ఊరికి తిరిగొచ్చిన మొహాలే.

ప్లేటు ఫొటోలు తీయడం రెండో ఏడాదికే మానేశాను. దగ్గరి నుంచి తీయడానికి ఇందులో మంచి ఏర్పాటే ఉంది, 6 సెంటీమీటర్ల దాకా వెళ్లొచ్చు, కారం దోశ మీద కరిగే నెయ్యి చుక్కను కూడా పట్టొచ్చు. కానీ పైనుంచి తీసిన దోశ ఎవరు తీసినా ఒకేలా ఉంటుంది. పైగా అంత దగ్గర పెడితే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. చేతులు అలా కాదు. మధ్యాహ్నం రాగి సంగటి దొరికే మెస్సులో చూడండి. అలవాటున్నవాడు ముద్దను పక్కనుంచి చిన్నగా తుంచి, గుంట చేసి, నాటుకోడి పులుసులో ముంచి మింగుతాడు. అలవాటు లేని యాత్రికుడు అన్నంలా కలపబోయి చేతినిండా పూసుకుంటాడు. చెనిక్కాయల ఊరుబిండి పచ్చడిని మా జేజి లాంటి పెద్దావిడ వేలి చివర్న అద్దుకునే తీరు మీద నా దగ్గర పదిహేను ఫొటోలున్నాయి. మొహం ఒక్కదాంట్లోనూ లేదు. ఆవిడ పెట్టిన షరతు అది.

ఎప్పుడూ మర్యాదే జరిగిందని కాదు. ఒక ఏసీ హోటల్లో మేనేజరు వచ్చి కెమెరా లోపల పెట్టమన్నాడు. అప్పుడు నా చుట్టూ కనీసం పది ఫోన్లు ప్లేట్ల మీద వంగి ఉన్నాయి. కెమెరా అనేసరికి ఏదో తనిఖీకి వచ్చారనుకున్నట్టున్నాడు. పెట్టేశాను. మళ్లీ ఆ హోటల్‌కి పోలేదు, కాఫీ కూడా అంతంతమాత్రమే.

ఇక జబ్బులు. బ్యాటరీ 200 ఫొటోలకు కూడా రాదు. మూడు బ్యాటరీలు పెట్టుకు తిరుగుతున్నాను. మే నెల ఎండలో స్క్రీన్ మీద ఏమీ కనబడదు, అరచెయ్యి అడ్డంపెట్టి అంచనాతో నొక్కడమే. రాత్రి లీలామహల్ సర్కిల్ వైపు బజ్జీల బండ్ల దగ్గర ఆటో ఫోకస్ ముందుకీ వెనక్కీ తచ్చాడుతుంది, ఈలోగా బజ్జీలు నూనెలోంచి బయటికొచ్చేస్తాయి. ఏసీ గదిలోంచి నేరుగా వంటింటి వేడిలోకి తీసుకెళ్తే లెన్సు మబ్బు పడుతుంది. కవర్లో పెట్టి పది నిమిషాలు ఆగాలి, తుడిస్తే లాభం లేదు. వానకు పనికిరాదు. 2021 నవంబరు వానలకు ఊళ్లో వీధులు చెరువులైనప్పుడు దీన్ని పార్సిల్ కవర్లో చుట్టి, లెన్సు మేరకు కన్నం పెట్టి తీశాను. బతికింది. నా గొప్పేం కాదు, అదృష్టం.

పెళ్లిళ్లకు, పిల్లల స్కూలు డ్యాన్సులకు, తలకోనలో పిట్టలకు ఇది కొనకండి. డబ్బు దండగ. మీరు ఒంటరిగా టిఫిన్ చేసే మనుషులై, పక్కవాళ్లతో మాట కలపడానికి మొహమాటం లేనివాళ్లైతే ఇలాంటిదొకటి చూడండి. కొనేముందు తెల్లగోడను ఎఫ్ 16 లో తీసి చూసుకోండి, లోపల దుమ్ము ఉంటే మచ్చలుగా బయటపడుతుంది. నేను చూసుకోలేదు.

మూడో ఏడు నాకూ ఒక మచ్చ పడింది, కుడివైపు పైమూలన, మినపగుండు సైజులో. సెన్సర్ మీద దుమ్ము. లెన్సు ఊడదు కాబట్టి ఇంట్లో తుడవలేం. విప్పి శుభ్రం చేయడానికి 6,000 అడిగారు. లెన్సు కన్నం బాగా తెరుచుకునే ఎఫ్ 2.8 లో కనబడదు, ఎఫ్ 8 లో ఆకాశం మీదా సున్నం గోడ మీదా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అది ఎక్కడ పడుతుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. హోటల్లో కూర్చునేటప్పుడే కుర్చీ కొంచెం జరుపుకుని, ఆ మూలకు సాంబారు బకెట్ వచ్చేలా చూసుకుంటాను.