డిఫరెన్షియల్ ఈక్వేషన్స్: బోర్డు ముందా, పైపు ముందా?

తిరుపతిలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరానికి లెక్కలు చెప్పే నాకు ఏటా ఇదే ప్రశ్న. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ (ఒక రాశి ఎంత వేగంగా మారుతోందో చెప్పే సమీకరణాలు) సాధించే పద్ధతిని బోర్డు మీద నేర్పి ఆ తర్వాత ప్రాబ్లమ్స్ ఇవ్వాలా, ప్రాబ్లం చేతికిచ్చి అందులోంచి ఈక్వేషన్ రాబట్టించాలా?

బోర్డు దారిలో అయితే ఒక్క పీరియడ్ చాలు. జేఎన్‌టీయూ అనంతపురం సెమిస్టర్‌లో అయిదు యూనిట్లు పూర్తి చేయాలి, చివర 70 మార్కుల పరీక్ష ఉంటుంది. ఆ ఒత్తిడి నాకూ తెలుసు. కానీ అలా నేర్చుకున్న పిల్లల్ని "హాస్టల్ ట్యాంకులో మట్టం సగానికి దిగడానికి, మొత్తం ఖాళీ అయ్యే సమయంలో సగం పడుతుందా?" అని అడిగితే ఎక్కువమంది అవుననే అంటారు.

రెండో దారికి నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క తెస్తాను. కింద మూత బిగించి, దానికి కాస్త పైన నాలుగు మిల్లీమీటర్ల బెజ్జం వేసి, స్కేలు అంటిస్తాం. బెజ్జం నుంచి 36 సెంటీమీటర్ల ఎత్తు దాకా నీళ్లు పోస్తాం. మట్టం 36 నుంచి 9కి దిగడానికి ఎంతసేపో, మిగిలిన 9 పోవడానికీ దాదాపు అంతసేపే. పిల్లలు నమ్మరు, మళ్లీ నింపుతారు. టారిసెల్లీ సూత్రం (1644లో అచ్చయింది) అప్పుడు చెబుతాను: ధార వేగం నీటి ఎత్తుకు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఇంటిగ్రేట్ చేస్తే, అంటే క్షణక్షణం మార్పును కూడితే, ఖాళీ కావడానికి పట్టే సమయమూ అంతే. 36కి 6, 9కి 3, అంటే సరిగ్గా సగం.

అసలు పాఠం దీని తర్వాత ఉంది. కాగితం మీద ఖాళీ అయ్యే సమయం 169 సెకన్లు వస్తుంది. స్టాప్‌వాచ్‌లో నాలుగు నిమిషాలు దాటుతుంది. లెక్క తప్పలేదు. ధార బెజ్జం దాటగానే సన్నబడుతుంది, ఎంత సన్నబడుతుందో చెప్పే గుణకం పదునైన అంచున్న బెజ్జానికి సుమారు 0.6. మరి సమయం తప్పినా నిష్పత్తి ఎందుకు తప్పలేదు? గుణకం రెండు భాగాల్లోనూ ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది. ఈ వాదన పిల్లల నోట రావడానికి మూడు పీరియడ్లు పడుతుంది. ఆ మూడూ నేను ఇచ్చేస్తాను.

అన్నింటికీ ఇలా కుదరదు. డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ను మామూలు బీజగణితంగా మార్చే లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్స్‌కు బోర్డే మేలు, ముందు చెయ్యి తిరగాలి. సాఫ్ట్‌వేర్‌తో గ్రాఫులు ఆఖర్న చాలు. యూనిట్‌కు ఒక్క ప్రాబ్లమైనా చేత్తో కొలిచేది ఉండాలన్నది నా పట్టుదల.

కిందటేడు ప్రయోగం అయ్యాక అదే హాస్టల్ ట్యాంకు ప్రశ్న మళ్లీ అడిగాను. పలమనేరు నుంచి వచ్చిన అమ్మాయి జవాబు చెప్పలేదు. "సార్, ఆ ట్యాంకు పైనా కిందా ఒకే వెడల్పేనా?" అంది.