ఎర్ర టిప్ టంగ్‌స్టన్ రాడ్డు (2.4 ఎంఎం): ఆర్క్ సూపర్, కానీ సాన పట్టిన పొడితో చాలా జాగ్రత్త

రేటింగ్: 5 కి 3

ఆర్గాన్ వెల్డింగ్‌లో ఆర్క్, అంటే లోహాన్ని కరిగించే కరెంటు మంట, పుట్టేది ఈ రాడ్డు మొన దగ్గరే. ఆ పని చేసేవాళ్ళకి దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు, షాపుకెళ్ళి టంగ్‌స్టన్ ఇవ్వమంటే చాలు, చివర ఎర్ర రంగు వేసిన పది రాడ్ల ప్యాకెట్టే చేతిలో పెడతారు. మేం చేసేది ఎక్కువగా స్టీలు రెయిలింగులు, గేట్లు, హోటళ్ళకి వంటింటి టేబుళ్ళు, అన్నిటికీ ఏళ్ళ తరబడి ఇదే వాడాం.

పనితనంలో వంక పెట్టడానికి లేదు. ఆర్క్ ఠక్కున అందుకుంటుంది, తక్కువ ఆంప్స్‌లో కూడా అటూ ఇటూ ఊగదు, పల్చటి షీటు మీద కూడా నీట్‌గా వస్తుంది, ఒకసారి గ్రైండర్ మీద సాన పట్టి మొన తీస్తే చాలాసేపు ఆగుతుంది. అల్యూమినియంకి ఏసీ కరెంటులో పెడితే మాత్రం అంత బాగోదు.

ఇదంతా అందులో కలిపే థోరియం ఆక్సైడ్ మహిమ, సుమారు 2 శాతం ఉంటుంది, డబ్బా మీద డబ్ల్యూటీ 20 అని ఉంటే అదే. అది ఉంటే వేడెక్కిన మొన నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయటికొస్తాయి. ఆ ఆక్సైడ్ కరగాలంటే 3,300 డిగ్రీలు దాటాలి కూడా. కాకపోతే థోరియం రేడియోధార్మిక లోహం, మన భీమిలి, కళింగపట్నం వైపు నల్ల ఇసుకలో దొరికే మోనజైట్ అనే ఖనిజంలో ఉండేది ఇదే. అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరగడానికి పట్టే కాలం, 1,400 కోట్ల ఏళ్ళు, అంటే చాలా నిదానంగా తరుగుతుంది. దాన్నుంచి ముఖ్యంగా వచ్చేవి ఆల్ఫా కణాలు, అవి కాగితం కూడా దాటలేవు, అందుకే రాడ్డు చేత్తో పట్టుకున్నందుకు భయపడక్కర్లేదు, వెల్డింగ్ చేస్తున్నప్పుడు వచ్చేది కూడా చాలా తక్కువే.

అసలు ప్రమాదం గ్రైండర్ దగ్గర. కుర్రాళ్ళు మొన సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి మొహం చక్రానికి జానెడు దూరంలో పెట్టి సాన పడతారు, ఆ బూడిద రంగు సన్నటి పొడి మీసాల మీద, వేళ్ళ సందుల్లో కూర్చుంటుంది, అదే చేత్తో టీ, బజ్జీ. పీల్చిన పొడి ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది, కొంత ఎముకల్లోకి, కాలేయంలోకి చేరుతుంది, అక్కడ అడ్డం పడే చర్మం ఉండదు కాబట్టి ఆల్ఫా నేరుగా ఒంట్లోని జీవకణాలకే తగులుతుంది. 1930ల నుంచి 50ల దాకా ఎక్స్‌రే బాగా కనబడాలని థోరోట్రాస్ట్ అనే థోరియం మందు రక్తంలోకి ఎక్కించేవాళ్ళు, అది ఒంట్లోంచి పోలేదు, చాలామందికి దశాబ్దాల తర్వాత లివర్ క్యాన్సర్ వచ్చింది. ఆ మోతాదు మన పొడికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, నిజమే, కానీ రోజూ గ్రైండర్ ముందు నిలబడే కుర్రాడికి ఈ సంగతి చెప్పేవాడు ఉండాలి కదా. విడిగా కొన్న రాడ్ల మీదైతే ఒక్క హెచ్చరిక ముక్క కూడా ఉండదు, నేను రెండు మార్కులు కోసింది అందుకే.

కొత్తగా కొనేవాళ్ళు నీలం టిప్ తీసుకోండి, డబ్ల్యూఎల్ 20, అందులో ఉండేది లాంథనం ఆక్సైడ్, స్టీలుకీ అల్యూమినియంకీ రెండింటికీ పనికొస్తుంది. మేం ఇప్పుడు అదే వాడుతున్నాం, ఆర్క్‌లో నాకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇంట్లో ఎర్రవి మిగిలి ఉంటే మంచి మాస్క్ పెట్టుకుని, పొడి లాగే ఫ్యాన్ వేసి, గీతలు రాడ్డు పొడవునా పడేలా సాన పట్టండి. తర్వాత బ్లోయర్ కొట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి, చేతులు కడుక్కున్నాకే టీ.