గరుకు చర్మం, మొటిమల మచ్చలు: రెండేళ్ళకు పైగా వాడిన నాలుగు వస్తువులు

రెండేళ్ళకు పైగా నేను ముఖానికి వాడుతున్నవి నాలుగే. రాత్రి అడాపలీన్ 0.1 శాతం జెల్, పొద్దున అజెలాయిక్ యాసిడ్ 10 శాతం క్రీము, రెండు పూటలా మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. ఫేస్‌వాష్‌ని లెక్కలో వేయలేదు. కడిగాక ముఖం బిర్రుగా పట్టేసినట్టు లేకపోతే చాలు, ఏదైనా ఒకటే. మొత్తం మీద నెలకు 700 రూపాయలు, అటూ ఇటూ. అందులో సగానికి దగ్గర సన్‌స్క్రీన్‌కే పోతుంది. ఇన్నాళ్ళు వాడాక వీటి మంచీ చెడూ బాగా తెలిసొచ్చాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరి, జీతంలో పెద్ద మొత్తం సీరమ్‌లకు పోస్తున్న పిల్లలు చదవాలని నా కోరిక.

ఏదైనా కొనే ముందు కిటికీ పక్కన, వెలుగు ఒక వైపు నుంచి పడేలా నిలబడి అద్దంలో చూసుకోండి. ట్యూబ్‌లైటు కింద ఎదురుగా చూసుకుంటే అంతా ఒకేలా కనిపిస్తుంది. "స్కిన్ ఈవెన్‌గా లేదు" అని మనం అనేదాంట్లో మూడు వేరు వేరు సంగతులుంటాయి: పొక్కులు, మచ్చలు, గుంటలు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. డబ్బు వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే. గుంటలున్నవాళ్ళు మచ్చల సీరం కొంటారు, పొక్కులున్నవాళ్ళు స్క్రబ్ కొంటారు.

నాకు మూడూ ఉన్నాయి. నుదుటి మీదా బుగ్గల మీదా రంగు లేని చిన్న చిన్న పొక్కులు. చూస్తే పెద్దగా కనిపించవు కానీ చెయ్యి పెడితే ఉప్మారవ్వ అంటుకున్నట్టు తగిలేవి. గడ్డం దగ్గర మొటిమలు మానిన చోటల్లా గోధుమరంగు మచ్చలు. ఎడమ బుగ్గ మీద కాలేజీ రోజుల నాటి నాలుగైదు గుంటలు.

ముందు పొక్కుల సంగతి. ముఖం మీది సన్నటి రంధ్రాల్ని స్వేదరంధ్రాలని మనం మామూలుగా అనేస్తాం కానీ అవి నిజానికి వెంట్రుక కుదుళ్ళు. వాటి లోపల చనిపోయిన చర్మకణాలూ జిడ్డూ కలిసి గడ్డకడితే పైన సన్నటి చర్మపు పొర మూతలా ఉండిపోతుంది. అది లోపలి అడ్డు కాబట్టి పైన ఎంత రుద్దినా పోదు. రుద్దిన కొద్దీ చర్మం ఎర్రబడి, ఆ చోట ఇంకో మచ్చ మిగులుతుంది. అడాపలీన్ చేసేది ఈ గడ్డ కట్టడాన్ని ఆపడం. ఇది విటమిన్ ఎ కుటుంబానికి చెందిన మందు, రెటినాయిడ్ అంటారు. అదే కుటుంబంలోని ట్రెటినాయిన్ కంటే మంట తక్కువ. మన దగ్గర అడాఫెరిన్, డెరివా లాంటి పేర్లతో 15 గ్రాముల ట్యూబు దొరుకుతుంది. నాకు స్కిన్ డాక్టరు రాసిచ్చారు, మీరూ చీటీ మీదే తీసుకోండి. అమెరికాలో మాత్రం ఇదే 0.1 శాతం జెల్ 2016 నుంచి చీటీ లేకుండా ఫార్మసీలో దొరుకుతోంది, డిఫరిన్ అనే పేరుతో. అక్కడున్న మనవాళ్ళకి ఇది పెద్ద వెసులుబాటు.

వాడే పద్ధతిలోనే అంతా ఉంది. రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, ముందు ముక్కు మూలలకీ పెదవుల మూలలకీ కళ్ళ కిందా మాయిశ్చరైజర్ పూసుకుంటాను. జెల్ అక్కడికి పాకితే చర్మం చిట్లుతుంది. తర్వాత శనగగింజంత జెల్ మాత్రమే తీసుకుని నుదుటి మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి పల్చగా పరుస్తాను. ముఖం మొత్తానికీ అంతే. పొక్కు మీద పొక్కు వెతుక్కుంటూ రాసే మందు కాదిది. పైన మళ్ళీ మాయిశ్చరైజర్. మొదటి నెల మూడు రోజులకోసారి, తర్వాత రోజు విడిచి రోజు.

మొదటి వారాల్లో ఏమవుతుందో ముందే తెలిసి ఉంటే టెన్షన్ ఉండదు. ముఖం పొట్టు రేగుతుంది, గడ్డం చుట్టూ ఎక్కువ. ఆవకాయ అన్నం తింటుంటే పెదవుల మూలలు భగ్గుమంటాయి. లోపల దాక్కున్న పొక్కులు కొన్ని మొటిమలుగా పైకి వస్తాయి. చాలామంది సరిగ్గా ఈ దశలోనే "నాకు పడలేదు" అని ఆపేస్తారు. ఫలితం తేలడానికి 12 వారాలు పడుతుందని డాక్టరు మొదటిరోజే చెప్పారు, అలాగే అయింది. మూడో నెల చివర్లో అద్దంలో కంటే ముందు చేతికే తెలిసింది. ముఖం కడుక్కుంటుంటే నుదురు నున్నగా తగిలింది. అయితే పొట్టు రేగడం వేరు, వాచిపోయి దురదా మంటా తగ్గకపోవడం వేరు. రెండోదైతే ఆపేసి డాక్టరుకు చూపించుకోవాలి.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్తాను. గర్భంతో ఉన్నవాళ్ళు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు అడాపలీన్ వాడకూడదు. ఇంకోటి, పార్లర్‌కి వెళ్ళే ముందు దీన్ని కొన్ని రోజులు ఆపాలి. ఈ మందు మీద ఉన్నప్పుడు పైపెదవికి వ్యాక్సింగ్ చేయిస్తే వెంట్రుకతో పాటు చర్మం కూడా లేచి వస్తుంది. బ్లీచ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

నుదుటి పొక్కుల విషయంలో జెల్‌కి సాయపడినది ఇంకోటుంది: తలకి నూనె రాసే పద్ధతి మార్చడం. మనలో చాలామందికి రాత్రి కొబ్బరినూనె పట్టించి పడుకుని పొద్దున తలంటుకునే అలవాటు. ఆ నూనె నుదుటి మీదికీ దిండు గలీబు మీదికీ, అక్కడి నుంచి బుగ్గల మీదికీ చేరుతుంది. కొబ్బరినూనె ముఖం మీద కుదుళ్ళని పూడ్చేసే రకం. నూనె మానక్కర్లేదు. తలంటుకి గంట ముందు రాసుకుని, స్నానంలో తల తర్వాత ముఖం కడుక్కుంటే చాలు. జుట్టు మొదట్లో, కణతల దగ్గర మాత్రమే పొక్కులొచ్చే వాళ్ళు ముందు ఈ పైసా ఖర్చు లేని పని చేసి చూడండి.

మచ్చలకి అజెలాయిక్ యాసిడ్. గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో సహజంగా ఉండే పదార్థమే. మెడికల్ షాపుల్లో అజిడెర్మ్ పేరుతో 10, 15, 20 శాతాల్లో దొరుకుతుంది. నేను 10తోనే ఉండిపోయాను. మొటిమ వచ్చినప్పుడు కలిగే వాపు వల్ల ఆ చోట చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ తయారవుతుంది, మనలాంటి చామనఛాయ చర్మాల్లో ఇంకా ఎక్కువ. అజెలాయిక్ ఆ ఎక్కువ తయారీని తగ్గిస్తుంది, మొటిమల బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది. మామూలు చర్మం రంగుని ఇది మార్చదు. నాకు దీనిలో బాగా నచ్చింది ఇదే. తెల్లబడటం కోసం చూసేవాళ్ళకి ఇది నిరాశే. మచ్చ చుట్టూ ఉన్న చర్మం రంగులో కలిసిపోవాలనుకునే వాళ్ళకి దీన్ని మించింది నేను చూడలేదు. గర్భిణులకు కూడా డాక్టర్లు తరచుగా రాసే మందు ఇది, వాళ్ళని అడిగే వాడండి.

ఇబ్బందులు లేకపోలేదు. మొదట్లో రాసిన పది నిమిషాలు చీమలు పాకినట్టు దురద పెడుతుంది, పోనుపోనూ తగ్గుతుంది. రాయగానే పైన సన్‌స్క్రీన్ పూస్తే తెల్లగా ఉండలు కడుతుంది, కాసేపు ఆగాలి. నేను క్రీము రాసుకుని టిఫిను తిని, ఆ తర్వాత సన్‌స్క్రీన్ పూసుకుంటాను. మచ్చలు తగ్గడం అడాపలీన్ పని కంటే నెమ్మది. నాకు నాలుగైదు నెలల తర్వాతే తేడా తెలిసింది, పాత మచ్చలు కొన్ని ఏడాది తీసుకున్నాయి. నెలకోసారి అదే కిటికీ దగ్గర ఫోన్లో ఫోటో తీసుకోండి. రోజూ చూసే ముఖంలో మార్పు కంటికి ఆనదు.

రెండు బుగ్గల మీదా, పైపెదవి మీదా ఒకే తీరులో పరుచుకున్న నల్లటి మరకలుంటే అవి మొటిమల మచ్చలు కాకపోవచ్చు, మంగు కావచ్చు. దానికి ఎండా హార్మోన్లూ రెండూ కారణం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. దాని వైద్యం డాక్టరే చూడాలి, ఈ సమీక్ష దానికి పనికిరాదు.

సన్‌స్క్రీన్ లేకుండా మచ్చల మందు రాయడమంటే బూడిదలో పోసిన పన్నీరే. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం దాకా. ఆ ఒక్క శాతం కోసం ఖరీదైనది కొనాల్సిన పని లేదు. పూసే పరిమాణమే ముఖ్యం. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికీ మెడకీ సరిపోతుంది. ఆ లెక్కన 50 గ్రాముల ట్యూబు నెలా పది రోజులు వస్తుంది. రెండు నెలలు దాటి వస్తోందంటే చాలినంత పూయట్లేదని అర్థం. అందుకే నేను డబ్బాకి ఎంత అని చూడను, గ్రాముకి ఎంత అని చూస్తాను. తక్కువ ధర ఉన్నది ధారాళంగా పూయడం, ఖరీదైనది పిసినారిగా పూయడం కంటే మేలు.

విజయవాడ ఎండలో స్కూటీ మీద వెళ్ళేదాన్ని కాబట్టి ఇంకో పరీక్ష కూడా పెడతాను: చెమటకి కంట్లోకి కారుతుందా లేదా. బాగా పేరున్న ఒకటి హెల్మెట్ పెట్టుకుని సిగ్నల్ దగ్గర ఆగేసరికి కళ్ళు మండించింది, తెల్లటి పూత కూడా మిగిల్చింది. దాన్ని చేతులకి వాడి అవగొట్టాను. ఇప్పుడు వాడేది జెల్ రకం, పీఏ (ఎండలోని యూవీఏ కిరణాల నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే గుర్తు) పక్కన నాలుగు ప్లస్ గుర్తులున్నది. మచ్చలు మరీ మొండిగా ఉన్నవాళ్ళు రంగు కలిపిన సన్‌స్క్రీన్ చూడొచ్చు. వాటిలో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురు నుంచి కూడా కాపాడుతుంది, చామనఛాయ వాళ్ళ మచ్చల మీద ఆ వెలుతురు ప్రభావం కూడా ఉంటుంది. కాకపోతే మన రంగుకి సరిపోయే ఛాయ దొరకడం కష్టంగానే ఉంది. కంపెనీలు ఒక్క ఛాయ చేసి అందరికీ సరిపోతుందంటే ఎలా?

మాయిశ్చరైజర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. చలికాలంలో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళ వీనూషియా మ్యాక్స్, ఎండాకాలంలో గ్లిజరిన్ ఉన్న పల్చటి జెల్ ఏదో ఒకటి. వాసన లేనిది చూసుకోండి, అంతే.

వీటికి ముందు వాడిన వాటిలో శాలిసిలిక్ యాసిడ్ 2 శాతం మంచిదే. జిడ్డులో కరుగుతుంది కాబట్టి ముక్కు మీది నల్ల చుక్కలకి బాగా పనిచేస్తుంది. అడాపలీన్ మొదలుపెట్టాక రెండూ కలిపితే చర్మం ఎండిపోతుందని మానేశాను. డాక్టరు దాకా వెళ్ళలేని వాళ్ళు దీనితో మొదలుపెట్టొచ్చు, వారానికి రెండుసార్లు. విటమిన్ సి సీరం మన వేడికి త్వరగా గోధుమరంగుకి తిరిగిపోతుంది, ఆ ఖర్చు నేను పెట్టను. నిమ్మరసం, వంటసోడా ముఖానికి వద్దే వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి నల్లటి మరకలు పడతాయి. నలుగు అంటే నాకు ప్రాణం, సంక్రాంతికి ఒంటికి పెట్టుకుంటాను, ముఖాన్ని వదిలేస్తాను. రెటినాయిడ్ వాడే చర్మం సున్నిపిండి రాపిడికి ఓర్చుకోదు.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలి చెప్తున్నాను. మెడికల్ షాపుకి వెళ్ళి "ముఖానికి ఏదైనా క్రీము ఇవ్వండి" అని అడక్కండి. మా బంధువుల్లో ఒకావిడకి అలా అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రెండు వారాల్లో ముఖం అద్దంలా తయారైంది. చూసినవాళ్ళందరూ పేరు రాసుకుని వెళ్ళారు. కొన్ని నెలలకి బుగ్గలు ఎర్రబడి సన్నటి రక్తనాళాలు కనిపించసాగాయి, గడ్డం మీద వెంట్రుకలు పెరిగాయి, క్రీము ఆపితే మంట, రాస్తే ఉపశమనం. అందులో ఉన్నది స్టెరాయిడ్. ట్యూబు మీద మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్ లాంటి పేర్లు కనిపిస్తే డాక్టరు ప్రత్యేకంగా రాసివ్వకుండా ముఖానికి తాకించొద్దు. ఇలాంటి పూతమందులు చాలావాటిని 2018లో కేంద్ర ప్రభుత్వం చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ పట్టికలోకి తెచ్చింది. అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపకుండా స్కిన్ డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి.

మెడ వెనక నల్లగా, ముఖమల్ గుడ్డలా మందంగా అయితే అది మట్టి కాదు, తోమితే పోదు. శరీరంలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదనడానికి అది గుర్తు కావచ్చు. ఆడపిల్లల్ని "సరిగ్గా రుద్దుకోవట్లేదు" అని తిట్టే బదులు షుగర్ పరీక్ష చేయించండి.

గుంటల సంగతి మిగిలింది. అవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. చర్మాన్ని లోపల నిలబెట్టే కొలాజెన్ పోయి చర్మం కుంగితే ఏ క్రీమూ పూడ్చలేదు, "స్కార్ క్రీము" అని ఎవరు అమ్మినా సరే. సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్ గానీ, సన్నటి లోతైన గుంటలైతే టీసీఏ అనే యాసిడ్‌ని చుక్కగా పెట్టే పద్ధతి గానీ చేయాలి. కొత్త మొటిమలు వస్తూ ఉండగా అది చేయించుకోవడం దండగ అని డాక్టరు ఆపారు. కొన్ని నెలలుగా మొటిమలు దాదాపు లేవు. అడాపలీన్‌ని వారానికి రెండు రాత్రులకి తగ్గించాను, అజెలాయిక్‌ని మచ్చలున్న చోట మాత్రమే రాస్తున్నాను. వీటి మీద మిగిలే డబ్బుని మైక్రోనీడ్లింగ్ కోసం పక్కన పెడుతున్నాను. ఎండలు తగ్గాక చేయించుకుంటాను.