రోమన్ ఆయుధాల పరీక్షకు ఏది మేలు: జెలటిన్ దిమ్మా, పంది పక్కటెముకలా?

ఇంగ్లండ్‌లోని మెయిడెన్ కాసిల్ అనే పురాతన కొండకోటలో 1934–37 మధ్య మోర్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాల్లో, వెన్నుపూసలో ఇనుప ములికి దిగబడి ఉన్న అస్థిపంజరం బయటపడింది. అది రోమన్ల బల్లిస్టా (పెద్ద విల్లులాంటి యంత్రం) విసిరిన బాణమని చాలాకాలం చెప్పుకున్నారు. కాదు, చేతి ఈటె ములికి అన్న వాదన తర్వాత వచ్చింది. ఇలాంటివి తేల్చాలంటే అదే కొలతల్లో ఆయుధం చేయించి, శరీరానికి బదులు మరొకదాన్ని పొడిచి చూడాలి. ఆ బదులు వస్తువును ఎంచుకోవడంలోనే చాలా ప్రయోగాలు దారి తప్పుతాయి.

ఎక్కువమంది ముందుగా చూసేది జెలటిన్ వైపే. 250 బ్లూమ్ రకం (బ్లూమ్ అంటే జెలటిన్ బిగువు కొలత) పొడి 1 కిలో, చన్నీళ్లు 9 లీటర్లు. రెండు గంటలు నానబెట్టి, 40 డిగ్రీల సెల్సియస్ దాటకుండా వేడిచేసి కరిగించాలి. మరిగిస్తే బిగువు పోతుంది. దిమ్మ మెత్తబడి, ఆయుధం నిజానికంటే లోతుగా దిగినట్టు చూపిస్తుంది. 4 డిగ్రీల దగ్గర ఒకటిన్నర రోజు గట్టిపడనిచ్చి, ఫ్రిజ్‌లోంచి తీసిన అరగంటలోపు వాడేయాలి. ప్రతి దిమ్మా ఒకేలా వస్తుంది, గాయం దారి కంటికి కనిపిస్తుంది. పది దెబ్బల్ని పోల్చాలంటే దీన్ని మించింది లేదు.

అయితే ఈ దిమ్మను సరిచూసేది తుపాకీ లెక్కతో. 4.5 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు 180 మీటర్ల వేగంతో తగిలి సుమారు 8.5 సెంటీమీటర్లు దిగాలి. ఆ గుండు శక్తి 6 జౌల్స్‌లోపే. ఒకటిన్నర కిలోల పిలుమ్ ఈటె సెకనుకు 15 మీటర్ల వేగంతో వచ్చిందనుకుంటే 170 జౌల్స్ దాకా తెస్తుంది: బరువు ఎక్కువ, వేగం తక్కువ. పైగా పొడిచే ఆయుధాన్ని గట్టిగా అడ్డుకునేది చర్మం; అది తెగాక కండ పెద్దగా ఆపదు. జెలటిన్‌కు చర్మమే లేదు, పైగా కత్తి పక్కలకు అంటుకుని పట్టేస్తుంది. ముందువైపు పంది చర్మం బిగిస్తే ఈ లోటు కొంత తీరుతుంది.

తవ్వకాల్లో మనకు మిగిలేది ఎముక. కాబట్టి గ్లాడియస్ కత్తి, ఈటె గాట్ల విషయంలో పంది పక్కటెముకల పలకే మేలని గట్టిగా చెప్పాలి. కోసిన రోజే తెచ్చినదై ఉండాలి. గడ్డకట్టించి కరిగిస్తే మంచు పలుకులు కండను చీలుస్తాయి. ఆరిన ఎముకైతే పచ్చి ఎముకలా వంగకుండా పెళుసుగా విరుగుతుంది. పలకను తాడుకు వేలాడదీస్తే ఊగి దెబ్బను మింగేస్తుంది, బల్లకు బిగిస్తే దెబ్బ పెరుగుతుంది. వెనక ఇసుక మూట ఆనించడం నడిమి దారి. దుస్తులకు బదులుగా పైన రెండు పొరల ఉన్నిబట్ట మరవకూడదు. తర్వాత డిటర్జెంట్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కండ తీయాలి. బ్లీచ్ వేస్తే గాటు అంచులు తినేస్తుంది, అప్పుడు భూతద్దంలో చూడ్డానికి ఏమీ మిగలదు.

తలకు మాత్రం పంది పనికిరాదు. దాని పుర్రె మందం, లోపలి గాలి గదులు మనిషివి కావు. స్కాట్లాండ్‌లోని బర్న్స్‌వార్క్ కొండపై దొరికిన వడిసెల సీసపు గుండ్లలాంటివి తలకు తగిలితే ఏమవుతుందో చూడాలంటే పాలీయురేతేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ పుర్రె వాడొచ్చు. పగులు మొత్తం ఆకారం వరకే దాన్ని నమ్మాలి, సన్నని గీతల కోసం కాదు.