శనివారం సెలవు ఊళ్ళు: మాంచెస్టర్, బర్న్‌లీ, బ్లాక్‌పూల్ యాత్ర

మాంచెస్టర్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం ముందు ఫొటో దిగి, మర్నాడు లేక్ డిస్ట్రిక్ట్ బస్సెక్కేస్తారు. నా మాట వింటే ముందు బర్న్‌లీ వెళ్ళండి. ఈ లాంకషైర్ ప్రాంతానికి ఫుట్‌బాల్ పిచ్చి ఎందుకు పట్టిందో, బ్లాక్‌పూల్ లాంటి సముద్రతీరం ఊరు ఎలా పెరిగిందో అక్కడి పాత బట్టల మిల్లులో నిలబడ్డాకే నాకు అర్థమైంది.

మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్ నుంచి బర్న్‌లీకి నేరుగా రైలుంది. అక్కడ బస్సు పట్టుకుని హార్ల్ సైక్‌లో దిగితే క్వీన్ స్ట్రీట్ మిల్లు. ఆవిరి ఇంజన్‌తో నడిచిన ఈ నేత మిల్లు 1982లో మూతపడి, తర్వాత మ్యూజియం అయింది. ఒకే షెడ్డులో 300కు పైగా మగ్గాలు, పైన తిరిగే ఇరుసులు, వాటినుంచి ఒక్కో మగ్గానికీ దిగే తోలు బెల్టులు. మేం వెళ్ళినప్పుడు కొన్ని మగ్గాలే నడిపి చూపించారు. ఆ మాత్రానికే కాళ్ళకింద నేల అదిరింది, పక్కనున్న మా ఆవిడ మాట నాకు వినబడలేదు. అన్నీ ఒకేసారి ఆడే రోజుల్లో కార్మికులు పెదాల కదలిక చూసే మాట్లాడుకునేవారట. రోజంతా ఆ మోతలో గడిపేవాళ్ళకి ఒక పూట సెలవు ఎంత విలువైనదో అక్కడ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పూట కూడా పోరాటాల తర్వాతే వచ్చింది. బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళు, చిన్న వయసువాళ్ళు శనివారం మధ్యాహ్నం 2 దాటాక పనిచేయకూడదని 1850 ఫ్యాక్టరీ చట్టం చెప్పింది. వాళ్ళు లేకుండా మిల్లు నడవదు కాబట్టి మగవాళ్ళకూ తీరిక దొరికింది. శనివారం మధ్యాహ్నం 3 గంటల ఫుట్‌బాల్ మ్యాచ్ అలవాటు వెనక ఉన్నది ఆ తీరికే. 1888లో ఫుట్‌బాల్ లీగ్ పెట్టినప్పుడు 12 క్లబ్బుల్లో సగం లాంకషైర్‌వి, బర్న్‌లీ అందులో ఒకటి. 1883 నుంచి ఆడుతున్న టర్ఫ్ మూర్ మైదానం ఇదే ఊళ్ళో ఉంది, తీరికుంటే బయటినుంచైనా చూసి రండి.

మిల్లు మ్యూజియం వారమంతా తెరవరు, చలికాలంలో మూసేస్తారు. రోజులు చూసుకునే బయల్దేరండి. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్ళడం మేలు.

మాంచెస్టర్‌లో నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం విక్టోరియా స్టేషన్‌కి దగ్గరే. ఆ నగరవాసులకి ఉచితం, మనం టికెట్ కొనాలి. కొనచ్చు, ఫుట్‌బాల్ క్రీడాకారిణి లిలీ పార్ విగ్రహం ఒక్కదానికోసమైనా కొనచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు సైన్యానికి పోతే, ప్రెస్టన్‌లోని డిక్ కెర్ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఆయుధాల పనిలో చేరారు. విరామంలో బంతి తన్నుతూ తన్నుతూ టీమ్ కట్టారు. పార్ తర్వాత ఆ టీమ్‌లోకి వచ్చింది. 1920 డిసెంబర్ 26న గుడిసన్ పార్క్‌లో వాళ్ళ మ్యాచ్‌కి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్‌లో, ఈ ఆట ఆడవాళ్ళకి తగదంటూ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లోకి వాళ్ళని రానివ్వద్దంది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది. యుద్ధంలో ఫిరంగి గుండ్లు చేయడానికి పనికొచ్చిన మనుషులు గోల్ కొట్టడానికి పనికిరాకపోవడం ఎంత అన్యాయం! మా అమ్మాయి ఆ విగ్రహం దగ్గర్నుంచి కదల్లేదు.

బ్లాక్‌పూల్‌కి మాంచెస్టర్ నుంచి గంటకు కాస్త పైనే. శనివారం రైల్లో నిలబడే వెళ్ళాం, శుక్రవారమే వెళ్తే సుఖం. 1846లో ఇక్కడికి రైలొచ్చింది. వేక్స్ వీక్ అని ఒక్కో మిల్లు ఊరు ఒక్కో వారం మూసేసి, ఊరికి ఊరే ఇక్కడ దిగేది. జీతం లేని సెలవు అది. అందుకే ఏడాది పొడుగునా వారం వారం కాస్త చీటీ కట్టినట్టు దాచుకునేవారు. జీతంతో కూడిన సెలవులకి చట్టం వచ్చింది 1938లో.

మేం దిగింది పాతకాలపు బోర్డింగ్ హౌస్‌లో. లిఫ్ట్ లేదు, గది మూడో అంతస్తులో, ఇరుకు మెట్లమీద సూట్‌కేసులు మోసేసరికి ప్రాణం పోయింది. కిటికీ సరిగ్గా మూతపడక రాత్రంతా చలి. కానీ ఇంటావిడ మంచి మనిషి. మేం మాంసం తినం అని చెబితే పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్ వేడివేడిగా పెట్టింది, మేం తెచ్చుకున్న అన్నం వెచ్చబెట్టి ఇచ్చింది. అప్పట్లో మిల్లు కుటుంబాలు కూడా తిండి సరుకులు తెచ్చిస్తే వండిపెట్టేది ఇలాంటి ఇంటావిడలే. పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం కింది గది ముందే మాట్లాడుకోండి.

1894 నాటి టవర్ పైకి ఎక్కే టికెట్ ఖరీదు నాకు ఎక్కువనిపించింది. డబ్బు పెట్టాలంటే టవర్ బాల్‌రూమ్‌కి పెట్టండి. 30,000కు పైగా చెక్క ముక్కలు పేర్చిన నేల, బంగారు రంగు బాల్కనీలు, ఆర్గాన్ సంగీతానికి మెల్లగా అడుగులేసే వృద్ధ దంపతులు. మగ్గాల దగ్గర పనిచేసినవాళ్ళకోసం ఇంత అందంగా కట్టారంటే సంతోషం వేసింది.

ఇంకొక్క రోజుంటే కొండల పక్కనున్న హేఫీల్డ్ అనే ఊరు చూడండి. రైలు న్యూ మిల్స్ వరకే, తర్వాత బస్సు. 1930ల నాటికి మిల్లుల వ్యాపారం పడిపోయి పని లేనివాళ్ళు ఎక్కువయ్యారు. మన స్వదేశీ ఉద్యమం దెబ్బ కూడా వాళ్ళకి తగిలింది, 1931లో గాంధీజీ లాంకషైర్ వచ్చి ఆ కార్మికులతో మాట్లాడారు. డబ్బు లేనివాళ్ళకి మిగిలిన వినోదం కొండలెక్కడం, ఆ కొండలేమో భూస్వాముల వేటమైదానాలు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది హేఫీల్డ్ నుంచి కిండర్ స్కౌట్ కొండ మీదికి అనుమతి లేకుండా నడిచారు. ఐదుగురు యువకులు జైలుకెళ్ళారు. 1951లో దేశంలో మొదటి నేషనల్ పార్క్ అయింది ఈ ప్రాంతమే. ఊరు దాటాక బౌడెన్ బ్రిడ్జ్ రాతి క్వారీ దగ్గర వాళ్ళ పేరిట ఫలకం ఉంది, దారి అక్కడినుంచే మొదలు. వాన ఎప్పుడైనా పడుతుంది, బురదకి ఆగే బూట్లు వేసుకోండి.