మా ఊరి లైబ్రరీ, పాతికేళ్ల వాడకం తర్వాత

ఎనిమిదో క్లాసులో డిపాజిట్ కట్టి కార్డు తీసుకున్నా, ఇప్పుడు నా కొడుకు ఎనిమిదిలో ఉండాడు, లెక్క మీరే వేసుకోండి. చిత్తూరు పక్కన చిన్న ఊరు మాది, పేరు రాయను, లైబ్రేరియన్ మేడమ్ పాపం మంచి మనిషి.

మా తాత చెప్పేది, ముందు లైబ్రరీ లేదంట, ఒక బియ్యం అంగడి వసారాలో పేపరు వస్తే చదువొచ్చినాయన గట్టిగా చదివేది, మిగతావాళ్లు బీడీలు తాగతా వినేది. తర్వాత సర్కారు లైబ్రరీ శాఖ ఒకటి మా ఊరికి వచ్చింది. పాత పుస్తకాల అట్ట తిప్పి చూడండి, కొన్నిటి మీద ఇంగ్లీషులో లోకల్ లైబ్రరీ అథారిటీ అని గుండ్రటి సీలు ఉంటాది, అది మద్రాసు వాళ్లు 1948లో చేసిన చట్టం నాటి పేరు, 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రమే కదా. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చినాక తెలుగులో జిల్లా గ్రంథాలయ సంస్థ అని సీలు. రెండు సీళ్లూ పడిన పుస్తకం ఒకటే కనపడింది నాకు, కథ బాగలేదు గానీ దాన్ని మూడుసార్లు ఇంటికి తెచ్చుకున్నా. అరవం పుస్తకాల బీరువా కూడా ఒకటి ఉండాది, బార్డర్ ఊరు కాబట్టి, దాని తాళం మాత్రం మేడమ్ వెతికి ఇచ్చేసరికి మీకు టీ టైమ్ అయిపోతాది.

ఫ్రీ అనుకుంటారు గానీ కాదు, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడతా ఉండాం మనమే. అయినా కొత్త పుస్తకం వచ్చి ఎన్నాళ్లయిందో, వచ్చేవన్నీ డీఎస్సీ, గ్రూప్స్ గైడ్లు. పిల్లోళ్లు పొద్దున్నే వచ్చి కుర్చీలన్నీ పట్టేస్తారు, వాళ్లని ఏమంటాం, ఉద్యోగం కావాల గదా, కాకపోతే పేపరు చదివే ముసలాళ్లు బయట అరుగు మీదికి పోయినారు, వాన పడితే ఇంటికే. బాత్రూం లేదు, ఆడపిల్లోళ్లకి అదే కష్టం. పైకప్పు కారే మూలన పెట్టిన వీక్లీలు ఉబ్బిపోయి ఒకదానికొకటి అంటుకుపోయినాయి.

కానీ ఫ్యాన్ తిరగతాది, సద్దు ఉండదు, పుస్తకం లేటయితే మేడమ్ అరవదు. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం మాత్రం పోవద్దండి, సెలవు, ఇన్నేళ్లయినా నేనే మర్చిపోయి పోతా ఉంటా.