కడపలో కచేరీ యాడుందో, భజన ఎప్పుడుందో కనుక్కోవడం: ఆరేళ్ళు వాడినంక నా రివ్యూ

2019లో బెంగళూరులో ఉద్యోగం వదిలేసి పాపను తీసుకొని కడపకు వచ్చేసినాం. నేను పుట్టి పెరిగిన ఊరే, కొత్తేం కాదు. వచ్చిన రెండో నెలలో అనుకుంటా, ఒక ఆదివారం పొద్దన్నే పేపర్ జిల్లా ఎడిషన్ తిప్పుతాంటే లోపలి పేజీలో చిన్న ఫొటో, ముందురోజు రాత్రి మన ఊర్లోనే వీణ కచేరీ జరిగిందంట, ఫొటోలో ముందు వరసలోనే కుర్చీలు ఖాళీగా కనపడ్తాండాయి. మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాల దూరం. పాప అప్పుడే సంగీతం మొదలుపెట్టింది, వీణను దగ్గర్నుంచి చూసిందే లేదు. ఆ ఖాళీ కుర్చీల్లో రెండు మావి గదా అని ఆ రోజంతా మనసు మనసులో లేదు. అప్పట్నుంచి ఊర్లో ఏం జరగబోతాందో ముందే తెలుసుకోవాలని నేను పట్టుకోని దారి లేదు, ఏది పనికొచ్చిందో ఏది రాలేదో మనూరోళ్ళకి పనికొస్తాదని రాస్తాండా.

ముందు యాప్‌ల సంగతి. బెంగళూరులో శుక్రవారం సాయంత్రం ఒక టికెట్ యాప్ తెరిస్తే వారం మొత్తం ఏముందో వరసగా వచ్చేది, అదే అలవాటుతో ఇక్కడ కడప అని కొడితే సినిమాలు తప్ప ఇంకేమీ రాలేదు. నెలలు నెలలు చూసినా, నోటిఫికేషన్లు ఆన్‌లో పెట్టుకున్నా, అదే. మొదట్లో మనూర్లో ఏమీ జరగవేమో అనుకున్నా గానీ అసలు విషయం అది కాదు, మన దగ్గర సంగీతానికి, భజనకి, పద్యనాటకానికి టికెట్ ఉండదు. గుడోళ్ళు పెట్టిస్తారు, దర్గాలో పెట్టిస్తారు, ఏదో సంఘమోళ్ళు చందాలేసుకొని పెట్టిస్తారు, ఎవురైనా పోయి కూర్చోవచ్చు. టికెట్టే లేనప్పుడు అది టికెట్ యాప్‌లోకి ఎట్లొస్తాది. అందుకే మన ఊరికి యాప్ సినిమాకి మాత్రమే అని నిర్ణయానికొచ్చేసినా, దాన్ని తిట్టాల్సిన పనీ లేదు.

కానీ ఈవెంట్ల తేదీలు పెట్టే ఇంకో సైటుతో మాత్రం నిజంగా దెబ్బ తిన్నాం. మనూరి పెద్ద దర్గా, అదే అమీన్ పీర్ దర్గా, ఉరుసులో ఖవ్వాలీ వినాలని మా చిన్నాయన కూతురు బెంగళూరు నుంచి ఆ సైటులో తేదీ చూసుకొని టికెట్ బుక్ చేసుకొని వచ్చింది, తీరా చూస్తే ఉరుసు అయిపోయి పది రోజులు దాటింది. సైటులో ఉన్నది పోయినేడాది తేదీ. అమీన్ పీర్ దర్గా ఉరుసు ఇస్లామిక్ క్యాలెండర్ ప్రకారం జరుగుతాది, ఆ సంవత్సరం మన ఇంగ్లీషు సంవత్సరం కంటే పది పదకొండు రోజులు తక్కువ, కాబట్టి ఏడాదేడాదికి అంత ముందే వచ్చేస్తాది. పాపం పిల్ల దర్గాకు పోయి దండం పెట్టుకొని, ఆ ఖాళీ ఆవరణలో కాసేపు కూర్చొని తిరిగొచ్చింది.

అప్పుడర్థమైంది నాకు, కడపలో పాట తేదీని బట్టి రాదు, తిథిని బట్టి వస్తాది. గోడకు తగిలించే తెలుగు క్యాలెండరు, అదీ పెద్ద ఇంగ్లీషు అంకె కింద చిన్న అక్షరాల్లో తిథులుండేది, అదే నా మొదటి యాప్ అయిపోయింది. ఉగాది రాంగానే కొత్తది తెచ్చి స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టుకుంటా. చైత్రంలో శ్రీరామనవమి నుంచి ఒంటిమిట్ట కోదండరాముడి బ్రహ్మోత్సవాలు, అక్కడ పోతన పేరు మీద కవి సమ్మేళనం కూడా ఉంటాది, కల్యాణం అయితే మిగతా ఊర్ల మాదిరి మధ్యాహ్నం కాకుండా రాత్రిపూట వెన్నెల్లో చేస్తారు. వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి, తాళ్ళపాకలో. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన. మాఘంలో దేవుని కడప బ్రహ్మోత్సవాలు, రథసప్తమికి తేరు. అన్నమయ్య కడపరాయడా అని పిలిచి పాడింది ఈ సామినే గదా, ఆ గుళ్ళో ఆ కీర్తన వినడం వేరే, ఫోన్లో వినడం వేరే. ఫాల్గుణ బహుళ ద్వాదశి అన్నమయ్య వర్ధంతి, 1503లో ఆ తిథినాడే పోయినాడు. అధిక మాసం వచ్చిన ఏడాది ఇవన్నీ అటూ ఇటూ జరుగుతాయి, అందుకే పోయినేడాది ఫొటో చూసి ప్లాన్ వేసుకోవద్దండి. క్యాలెండరుకి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తా. అర ఎందుకు తగ్గించినానంటే రోజు చెప్తాది గానీ ఎవురు పాడతారో, ఎన్ని గంటలకో చెప్పదు.

ఇంగ పేపరు. పేపర్లో ఎప్పుడూ అయిపోయిన దాని ఫొటోనే వస్తాది అని చానామంది అంటారు, నేనూ అన్నా, కానీ చదివే పద్ధతి మార్చుకుంటే పేపరు పనికొస్తాది. మన జిల్లా పేజీల్లో "గోడపత్రికల ఆవిష్కరణ" అని చిన్న వార్త చూసే ఉంటారు, నలుగురు నిలబడి పోస్టరు పట్టుకున్న ఫొటో, అందరం తిప్పేసే వార్త. అది కార్యక్రమానికి వారం పది రోజుల ముందొస్తాది, దాంట్లో తేదీ, స్థలం, ఎవురు నడుపుతాండారో అంతా ఉంటాది. నేనిప్పుడు ముందు అదే వెతుకుతా, ఫొటో తీసి పెట్టుకుంటా. దాని తర్వాత "నగరంలో నేడు" అనే రెండు వేళ్ళ వెడల్పు కాలమ్. అది అదే రోజుది కాబట్టి రొవంత ఆలస్యమే, అయినా సాయంత్రం ఖాళీ ఉన్నోళ్ళకి చాలు. బ్రౌన్ లైబ్రరీలో జరిగే సాహిత్య సభలు నాకు ఎక్కువ భాగం ఈ కాలమ్ నుంచే తెలిసినాయి. తెలియనోళ్ళకి చెప్తాండా, సీపీ బ్రౌన్ కడపలో కొలువు చేసినప్పుడు కొనుక్కున్న బంగళా స్థలంలోనే కట్టిన లైబ్రరీ అది, ఎర్రముక్కపల్లిలో ఉంది. సభ లేకపోయినా ఒక పూట పోయి కూర్చోండి.

వాట్సాప్ గ్రూపులు ఎనిమిదిట్లో ఉన్నా, ఇప్పుడు మిగిలింది రెండు. మిగతా ఆరిట్లో కార్యక్రమం అయినంక శాలువా ఫొటోలే.

మా నాయిన మాత్రం వీటన్నిటికీ నవ్వి రేడియో పెట్టేవాడు. ఆకాశవాణి కడప, 900 కిలోహెర్ట్జ్, 1963 నుంచి ఉంది, ఆయన నిక్కర్లేసుకునే వయసులో వచ్చింది, ఇప్పటికీ మాపటేల వంటింట్లో అదే మోగుతాంటాది. దాంట్లో కచేరీ ఎప్పుడుందో అని ప్రకటన కోసం వింటే పెద్దగా దొరకదు, కానీ పాడేవాళ్ళ పేర్లు దొరుకుతాయి. ప్రొద్దుటూరు నుంచి ఒకరు, రాయచోటి నుంచి ఒకరు, మన పక్క వీధిలో ఉండి మనకే తెలియనోళ్ళు ఒకరు. జానపదాలు పాడే ఒకామె గొంతు విని, పేరు కాగితం మీద రాసుకొని, ఆమె యాడ పాడతాందో వెతుక్కుంటా పోతే ఒక పెద్దమ్మ జాతరలో దొరికింది నాకు. కొత్త సంగీతం అంటే కొత్తగా పుట్టిందే కానక్కర్లేదు, నేను అంతవరకు వినకుండా ఉన్నది కూడా నాకు కొత్తే. రేడియోకి నాలుగు.

ఇప్పుడు అసలైనది. ఐదుకి ఐదు ఇచ్చేది నేను దీనికొక్కదానికే, మైక్‌సెట్ అన్న.

పాప సంగీతం క్లాసు వార్షికోత్సవంలో మైకులు పెట్టడానికి వచ్చినాడు ఆయన. పాప పాడి దిగినంక వైర్లు చుట్టుకుంటా "అక్కా, పాప బాగా పాడతాంది, ఎల్లుండి గుళ్ళో త్యాగరాజ ఆరాధన ఉంది, పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడతారు, చిన్నపిల్లోళ్ళను కూడా కూర్చోబెట్టుకుంటారు, తీసుకపోండి" అన్నాడు. ఆ కార్యక్రమం నా ఎనిమిది గ్రూపుల్లో ఒక్కదాంట్లోనూ లేదు. నీకెట్ల తెలుసన్నా అంటే జేబులోంచి చిన్న డైరీ తీసి చూపించినాడు, పేజీకి ఒక రోజు, అడ్వాన్సు ఎంత, స్థలం యాడ, ఎన్ని మైకులు. నాకు ఆ నిమిషంలో తట్టింది, ఊర్లో ఏ పాట పాడాలన్నా ముందు మైకు కావాల, మైకు కావాలంటే వారం ముందే ఈయనకి చెప్పాల. పోస్టరు వేయకపోవచ్చు, కరపత్రం పంచకపోవచ్చు, మైకు లేకుండా మాత్రం జరగదు.

ఇంకోటేందంటే ఆయనకి ఏ రకం కార్యక్రమమో కూడా తెలుస్తాది. కింద కూర్చునేవాళ్ళకి పొట్టి స్టాండ్లతో నాలుగైదు మైకులు అడిగినారంటే కచేరీ. కీబోర్డుకి లైను, రిథమ్ ప్యాడ్‌కి లైను అడిగినారంటే ఆర్కెస్ట్రా. స్టేజీ ముందు వరసగా నిలబెట్టే మైకులు తెల్లార్లూ కావాలన్నారంటే పౌరాణిక నాటకం. ఒకటే మైకు, పెద్ద బాక్సులొద్దు అంటే హరికథో, ఉపన్యాసమో. ఎన్ని గంటలకు బాక్సులు దించేయాలో కూడా ఆయన దగ్గర రాసుంటాది, అంటే ఎప్పుడైపోతాదో తెలుస్తాది, ఈ ఒక్క సమాచారం నాకు ఏ పోస్టరూ, ఏ గ్రూపూ ఇంతవరకు ఇవ్వలేదు. ఆడవాళ్ళకి ఇది ఎంత ముఖ్యమో చెప్పలేను. ఎనిమిదికి మొదలని రాస్తారు, సన్మానాలు అయ్యేసరికి తొమ్మిదిన్నర, పాట మొదలయ్యేటప్పటికి ఇంటికి పోవాల్సిన టైము. ఒకసారి ఇట్లనే మంచి హిందుస్తానీ గాయకుడు ఆలాపన ఎత్తుకున్న ఐదు నిమిషాలకి, ఆటోలు దొరకవని పాపను లేపుకొని వచ్చేసినా, ఆ రాగం దోవంతా చెవిలోనే ఉన్నింది. కార్యక్రమాలు పెట్టేవాళ్ళకి చెప్తాండా, ముందు పాడనీయండి, సన్మానం తర్వాత చేయండి, ఎన్నింటికి అయిపోతాదో కార్డులో వేయండి.

అన్నకి ప్రతి సోమవారం ఒక మెసేజ్ పెడ్తా, "అన్నా, ఈ వారం యాడేముంది?" అని. పెళ్ళిళ్ళ సీజన్లో జవాబు రాదు, ఏమీ అనుకోకూడదు, ఆయన పని ఆయనది. బాగుంటాదా అని అడిగితే అన్నీ బాగుంటాయనే అంటాడు, కాబట్టి నాణ్యత మనమే చూసుకోవాల. బొమ్మల ప్రదర్శనలకి మైకుండదు కాబట్టి ఆయనకి తెలియదు. వాటికి ఫ్లెక్సీ షాపు మేలు, ప్రింటుకిచ్చిన ఫ్లెక్సీలు బయట ఆరేసి ఉంటాయి, మార్కెట్‌కి పోతా ఒక చూపు చూస్తే చాలు.

మైకు లేని చోట జరిగేవి కూడా ఉన్నాయి మరి, అవే నాకు ఇప్పుడు అన్నిటికంటే ఇష్టం. చెక్కభజన, పండరి భజన. పల్లెల్లో గురువొచ్చి కొన్ని నెలల పాటు రాత్రిళ్ళు నేర్పిస్తాడు, పొలం పనులు చేసుకునే పిల్లోళ్ళు తిన్నంక వచ్చి నేర్చుకుంటారు, అంతా వచ్చినంక గెజ్జెపూజ చేసి ఊరి ముందర ఆడతారు. అందరూ ఒకటే రంగు బనీన్లు, కాళ్ళకి గెజ్జెలు, గురువు మధ్యలో నిలబడి పాటెత్తుకుంటే చుట్టూ ఇరవై జతల చెక్కలు ఒక్కసారి మోగుతాయి చూడండీ, నేల కదిలినట్టుంటాది. దీనికి యాడా ప్రకటన ఉండదు. మా ఇంటికి పాలు పోసే పెద్దాయన ద్వారా మొదటిసారి పోయినా, అక్కడ పరిచయమైన వాళ్ళ ద్వారా ఇంకో ఊరికి, అట్లా ఇప్పటికి పదకొండు ఊర్లు. సురభి నాటకాలు 1885లో పుట్టింది కూడా ఇట్లాంటి పల్లెలోనే, మన చక్రాయపేట మండలం సురభిలో. ఆ నాటకం మాత్రం నేను హైదరాబాదు పోయి చూడాల్సి వచ్చింది, మనూర్లో సొంతంగా ఒక వారం ఆడితే చూడాలని ఉండాది నాకు.

కాలేజీ పిల్లల సంగతి కూడా చెప్పాల. యోగి వేమన యూనివర్సిటీలో, 2020లో వచ్చిన ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చదివే పిల్లలు పాటలు కడ్తాండారు, బొమ్మలేస్తాండారు, మన యాసలో ర్యాప్ కూడా పాడ్తాండారు, ఇవి నాకు ఇన్‌స్టాలోనే తెలుస్తాయి. స్టోరీ 24 గంటలే ఉంటాది కాబట్టి కనపడంగానే స్క్రీన్‌షాట్ తీసుకోండి. బయటోళ్ళను రానిస్తారా లేదా అని ముందు మెసేజ్ పెట్టి అడగండి, నేను అడిగిన ప్రతిసారీ "రండి ఆంటీ" అనే అన్నారు, కుర్చీ కూడా తెచ్చేసినారు ఒకసారి.

పాపకిప్పుడు పద్నాలుగు. పోయిన పుష్యంలో ఆరాధనకి తనే వీణ పట్టుకొని వెనక వరసలో కూర్చుంది, బాక్సుల పక్కన నిలబడి మైక్‌సెట్ అన్న తన దగ్గరికి ఒక మైకు రొవంత జరిపినాడు.

ఇది టైప్ చేస్తాండగానే పాలాయన ఫోన్ చేసినాడు, ఈ శనివారం రాత్రి వాళ్ళ బావమరిది ఊర్లో గెజ్జెపూజ అంట, ఆరింటికి ట్రాక్టరు రోడ్డు దగ్గరికి వస్తాదంట. ఎవురైనా వస్తారంటే చెప్పండి, దుప్పటి, టార్చి తెచ్చుకోవాల, తెల్లార్లూ ఉంటాది.